చిన్న పెట్రోల్ ఇంజన్ మొరాయింపు: రేపల్లె ప్రాంతపు పవర్ స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు

కృష్ణా పశ్చిమ డెల్టాలో చిన్న పెట్రోల్ ఇంజన్ ఎక్కువగా రెండు పనిముట్ల మీద కనిపిస్తుంది. ఒకటి వీపున తగిలించుకుని మందు కొట్టే పవర్ స్ప్రేయరు. రెండోది పొలం గట్ల మీదా, నిమ్మ, అరటి తోటల్లోనూ గడ్డి కోసే బ్రష్ కట్టరు. వీటిలో చాలావరకు టూ స్ట్రోక్ ఇంజన్లు. ఆయిలు పెట్రోల్లోనే కలిపి పోయాలి. బజాజ్ చేతక్, టీవీఎస్ 50 విప్పి బిగించిన చేతులకు ఇది పాత చుట్టమే. హోండా జీఎక్స్35 లాంటి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లున్న స్ప్రేయర్లూ ఉన్నాయి. వాటిలో పెట్రోలు విడిగా, ఆయిలు విడిగా పోస్తారు.

రేపల్లె, తెనాలి, బాపట్ల మాగాణుల్లో సార్వా వరి వెనక మినుము వేస్తారు. మారుకా పురుగుకో బూడిద తెగులుకో చివరి మందు కొట్టి స్ప్రేయరును పాకలో తగిలిస్తే, మళ్లీ దించేది తొలకరి దాటాకే. ఈ మధ్యలోని నాలుగైదు నెలల ఎండల్లో కార్బొరేటర్లో మిగిలిన పెట్రోలు ఆవిరై, అడుగున బెల్లప్పాకంలాంటి జిగురు మిగులుతుంది. వెంట్రుకంత జెట్టు రంధ్రం మూసుకుపోవడానికి అది చాలు. ‘నిన్నటిదాకా బాగానే ఉందయ్యా’ అని మెకానిక్కు చెప్పేటప్పుడు ఆ ‘నిన్న’ సాధారణంగా ఫిబ్రవరి నెల.

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశంలో 2023 ఫిబ్రవరిలో విడుదలై, తర్వాత బంకులన్నిటా వ్యాపించింది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో సగం నింపిన డబ్బా నెలల తరబడి నిలవుంటే తేమ చేరి, ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోవచ్చు. ఇథనాల్‌ను తట్టుకోని పాత రబ్బరు పైపులు, కార్బొరేటర్లోని పల్చటి పొరలు ఉబ్బుతాయి, లేదా బిరుసెక్కుతాయి. అందుకే స్టార్టు కాని ఇంజనుకు మొదటి వైద్యం పాత పెట్రోలు పారబోసి కొత్తది పోయడం.

అప్పటికీ కదలకపోతే ఏడెనిమిదిసార్లు తాడు లాగి ప్లగ్గు విప్పి చూడాలి. సగం జబ్బు అక్కడే తెలుస్తుంది. ప్లగ్గు మొన పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదన్నమాట. ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కలు ఆయిలు కలిపిన పెట్రోలు వేసి, ప్లగ్గు బిగించి లాగితే రెండు క్షణాలు మోగి ఆగుతుంది. అలా మోగిందంటే లోపం ట్యాంకుకూ ఇంజనుకూ మధ్యనే: ట్యాంకులోని చిన్న ఫిల్టరు, చిట్లిన పైపు, లేదా జెట్టు. జెట్టును సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కార్బొరేటర్ క్లీనరు కొట్టడం మేలు. నోటితో ఊదే అలవాటు ఇక్కడ చాలామందికి ఉంది. పురుగుమందు చిమ్మిన యంత్రం మీద అది ప్రమాదం.

ప్లగ్గు తడిసి పెట్రోలు వాసన కొడుతుంటే ఇంజన్లోకి పెట్రోలు ఎక్కువ చేరినట్టు, చోకు మూసి పదేపదే లాగిన ఫలితం. చోకు తీసి, ప్లగ్గు లేకుండానే పదిసార్లు తాడు లాగితే లోపల ఆరుతుంది. పెట్రోలు ఆవిరంతా పోయాక ప్లగ్గుకు కేబుల్ తగిలించి, దాని లోహపు భాగాన్ని సిలిండరు రెక్కలకు ఆనించి లాగి చూడాలి. నీలి నిప్పు టపటపమంటే మంచిదే. లేకపోతే ముందు ప్లగ్గు మార్చాలి. మొనల మధ్య 0.6 నుంచి 0.7 మి.మీ. సందు ఉండాలి. అయినా నిప్పు రాకపోతే ఆఫ్ స్విచ్చి వైరు విడదీసి చూడాలి. తొక్క ఊడిన ఆ వైరు బాడీకి తగిలి, మంచి కాయిలుకు చెడ్డ పేరు తెచ్చిన సందర్భాలు కొల్లలు.

పది నిమిషాలు నడిచి ఆగి, ట్యాంకు మూత వదులు చేయగానే మళ్లీ నడిస్తే మూతలోని గాలి రంధ్రం పూడినట్టే. గడ్డి దగ్గరకెళ్లేసరికి నీరసపడితే ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు మసి చూడాలి.

ఆయిలు పాళ్లు యంత్రాన్ని బట్టి మారతాయి. 25:1 అంటే లీటరుకు 40 మి.లీ., 50:1 అంటే 20 మి.లీ. టూ స్ట్రోక్ ఇంజన్లో ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేసి తాడే కదలదు. అది ఇక ఇంట్లో తీరే పని కాదు.

సీజను ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడపాలి. చల్లారాక ప్లగ్గు విప్పి, రంధ్రంలో కాసిని టూ స్ట్రోక్ ఆయిలు చుక్కలు వేసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగి, ప్లగ్గు బిగించి పాకలో తగిలిస్తారు.