చెంచా వెనకాల ఏముంది? స్కాట్లాండ్ నుంచి చార్‌కమాన్ దాకా ఒక వెండి కథ

ఎపిసోడ్ మొదలయ్యే ముందు మీరొక చిన్న పని చేయాలి. వంటింట్లోకి వెళ్లి ఒక చెంచా తెచ్చుకోండి. స్టీలుదైనా పర్లేదు. తెచ్చుకున్నారా? ఇప్పుడు దాన్ని బోర్లా తిప్పండి. కాడ మీద చిన్నగా ఏదో కొట్టి ఉంటుంది. కంపెనీ పేరో, ఇంకేదో. ఇన్నేళ్లుగా దాంతోనే తింటున్నాం, కానీ ఎప్పుడూ చదివి ఉండం. ఇవాళ్టి హిస్టరీ అంతా ఆ వెనక వైపే ఉంది.

ముందు మా ఇంటి సంగతి చెప్తా. పోయినేడాది మా అక్క కూతురి బారసాలకి వెండి పట్టీలు కొనాలని అమ్మ, నేను పాతబస్తీకి వెళ్లాం. చార్మినార్ దాటి గుల్జార్ హౌజ్ వైపు వస్తే చార్‌కమాన్ చుట్టూ అన్నీ బంగారం, వెండి దుకాణాలే కదా. అమ్మ బ్యాగ్‌లో మా నానమ్మ ఉగ్గుగిన్నె, దాని చెంచా ఉన్నాయి. మా నాన్న, మా ఇద్దరు మేనత్తలు, తర్వాత అక్క, నేను, అందరం వాటితోనే ఉగ్గు తాగాం. గిన్నెకి సొట్టలు పడ్డాయి, ఎవరూ వాడట్లేదు, పాతవి ఇచ్చి కొత్తవి తీసుకుందాం అని అమ్మ ప్లాన్.

షాపాయన గిన్నెని తూకంలో పెట్టాడు. గీటురాయి మీద గీశాడు, యాసిడ్ చుక్క వేశాడు. టంచ్ ఇంత, తరుగు ఇంత అని కాలిక్యులేటర్ కొట్టాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. నేను ఊరికే అడిగా, "భాయ్, దీన్ని ఎవరు చేసుంటారు?" అని. ఆయన నవ్వాడు. "కిస్‌కో మాలూమ్ బేటా! వెండి వెండే కదా" అన్నాడు.

గిన్నె లోపలికి వెళ్లిపోయింది, కరిగించడానికి. చెంచా మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది. పదకొండు గ్రాములు. "ఇది ఇవ్వను" అన్నా. అమ్మ నా వైపు అదోలా చూసింది.

ఇంటికొచ్చి చెంచా తిప్పి చూస్తే కాడ వెనకాల చుక్కలు చుక్కలుగా రెండు అక్షరాలున్నాయి. మా నానమ్మ పేరు, ఇంటిపేరు పొడి అక్షరాలు. మనం గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం చూడండి, అలా. అంతే. చేసినాయన పేరు లేదు. ఊరు లేదు. సంవత్సరం లేదు. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు కోడ్‌లో ఏ లైన్ ఎవరు రాశారో, ఏ రోజు రాశారో ఒక్క క్లిక్‌లో తెలిసేది. మా ఇంట్లో రెండు తరాలకి ఉగ్గు పట్టిన వస్తువు గురించి మాత్రం ఏమీ తెలియదు. అప్పుడు అనిపించింది, ప్రపంచంలో ఎక్కడైనా చెంచాని చూసి చేసినవాళ్ల పేరు చెప్పగలరా అని. వెతుక్కుంటూ పోతే స్కాట్లాండ్‌లో తేలాను.

స్కాట్లాండ్ అంటే బ్రిటన్‌లో పై భాగం. దాని రాజధాని ఎడిన్‌బరో. వెండి పని మీద ముద్ర ఉండాలని అక్కడ 1457లోనే చట్టం చేశారు. చేసినవాడి ముద్ర ఒకటి, నాణ్యత చూసిన సంఘం పెద్ద ముద్ర ఇంకొకటి. 1681 నుంచి ఎడిన్‌బరోలో ఏడాదికి ఒక అక్షరం కూడా కొట్టడం మొదలుపెట్టారు. అంటే ఎడిన్‌బరో చెంచా దొరికితే ఎవరు చేశారో, ఏ ఏడాది చేశారో రెండూ చెప్పొచ్చు. మనం ఇప్పుడు హాల్‌మార్క్ అంటున్నామే, ఆ పద్ధతే ఇది.

అసలు కథ చిన్న ఊళ్లది. ఉత్తరాన ఇన్వర్‌నెస్ అనే ఊరుంది. ఎడిన్‌బరో నుంచి దాదాపు 250 కిలోమీటర్లు. ఇవాళ కార్లో మూడున్నర గంటలు. కానీ 1700ల నాటి కొండ దారుల్లో, ఆరు చెంచాలు చేసిన మనిషి వాటిని మూటగట్టి ఎడిన్‌బరో పంపి, ముద్ర వేయించి, మళ్లీ తెప్పించుకోవాలంటే? దారిలో దొంగల భయం ఒకటి, ఖర్చు ఒకటి. పైగా 1784 నుంచి వెండి మీద పన్ను కూడా పెట్టారు. కట్టినట్టు రుజువుగా రాజు తల బొమ్మ కొట్టేవాళ్లు. దాంతో చిన్న ఊళ్ల పనివాళ్లు ఏం చేశారంటే, ముద్రలు తామే తయారు చేసుకుని తామే కొట్టుకున్నారు. దూరం ఒక కారణం, పన్ను ఎగ్గొట్టడం ఇంకో కారణం. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి కదా!

ఆ ముద్రలు చూస్తే భలే ముచ్చటగా ఉంటాయి. డండీ అనే ఊరికి లిల్లీ పూల కుండీ. పెర్త్‌కి రెండు తలల గద్ద. మాంట్రోజ్‌కి పేరులోనే రోజ్ ఉంది కాబట్టి గులాబీ. గ్రీనక్ ఓడరేవు కాబట్టి లంగరు. అబర్డీన్‌కి ఏ, బీ, డీ అనే మూడు అక్షరాలు. మరి ఇన్వర్‌నెస్‌కి? ఒంటె! మంచు కురిసే ఊళ్లో ఒంటె ఏంటి అనుకుంటున్నారా? ఆ ఊరి చిహ్నంలో ఒక పక్క ఒంటె, ఇంకో పక్క ఏనుగు నిలబడి ఉంటాయి. తూర్పు దేశాలతో ఆ ఊరికున్న పాత వ్యాపారానికి గుర్తు అని చెప్తారు.

ఊరి బొమ్మ పక్కనే చేసినాయన పొడి అక్షరాలు. అన్నట్టు, ఈ చిన్న ఊళ్లలో వెండి పనివాళ్లకి విడిగా సంఘం పెట్టుకునేంత మంది ఉండేవాళ్లు కాదు. అందుకని కమ్మరి వాళ్లతో, మిగతా లోహప్పని వాళ్లతో కలిసి ఒకే సంఘంలో ఉండేవాళ్లు. దాని పేరే సుత్తి పట్టేవాళ్ల సంఘం. మన దగ్గర కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, అవుసుల, ఈ ఐదు పనులవాళ్లు విశ్వకర్మలుగా ఒక్కటిగా ఉంటారు చూడండి, కొంచెం అలాంటిదే.

ఇక్కడ మనకి సంబంధించిన వస్తువు ఒకటుంది. స్కాట్లాండ్ వెండిపనిలో బాగా పేరున్నది ఒక చిన్న గరిటె. పొడవు కాడ, బుల్లి గిన్నె. దాని పేరు టాడీ లేడిల్. విస్కీలో వేణ్నీళ్లు, చక్కెర కలిపి పెద్ద గిన్నెలో పెట్టి, ఈ గరిటెతో గ్లాసుల్లోకి పోసుకునేవాళ్లు. ఆ డ్రింక్ పేరు టాడీ. ఆ మాట ఎక్కడిదో తెలుసా? మన కల్లుది! తాడిచెట్టు, తాటికల్లు, హిందీలో తాడీ. తెల్లవాళ్లు ఇక్కడ కల్లు తాగి, ఆ మాట పట్టుకెళ్లి వాళ్ల వేడి విస్కీకి పెట్టుకున్నారు. ఎక్కడో చలిదేశంలో వేలంపాటలో అమ్ముడుపోయే వెండి గరిటె పేరులో మన తాటివనం ఉంది!

1836లో కొత్త చట్టం వచ్చింది. చిన్న ఊళ్లవాళ్లు కూడా ఎడిన్‌బరోకో గ్లాస్గోకో పంపి ముద్ర వేయించుకోవాల్సిందే అన్నారు. మెల్లగా ఒంటెలు, గులాబీలు, లంగర్లు ఆగిపోయాయి. కానీ తర్వాత ఏమైందంటే, చెంచాలు సేకరించేవాళ్లు, చరిత్ర పరిశోధకులు ఆ పొడి అక్షరాల వెనక పడ్డారు. సంఘాల పాత పుస్తకాలు, చర్చి రికార్డులు, పాత పేపర్లలో ప్రకటనలు తిరగేశారు. ఈ రెండక్షరాలు ఫలానా మనిషివి, ఫలానా వీధిలో ఉండేవాడు, ఫలానా ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు అని ఒక్కొక్కరినీ పట్టుకున్నారు. ఇవాళ టెయిన్, విక్ లాంటి బుల్లి ఊళ్ల చెంచాకి, అదే వయసు, అదే బరువున్న ఎడిన్‌బరో చెంచా కంటే చాలా ఎక్కువ ధర వస్తుంది. రూల్ ప్రకారం లేని ముద్రకే ఇప్పుడు విలువ. ఎందుకంటే దాని వెనక ఒక మనిషి, ఒక ఊరు దొరుకుతున్నారు.

సరే, స్కాట్లాండ్ వదిలేసి మన వైపు వద్దాం. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఇక్కడ కూడా వాళ్ల తరహా చెంచాలు, ఫోర్కులు చేశారు. కలకత్తాలో 1808లో మొదలైన హామిల్టన్ కంపెనీ, మద్రాసులో 1849లో మొదలైన పీ. ఓర్ అండ్ సన్స్. అప్పుడు కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి కాబట్టి ఓర్ కంపెనీ మనకి మరీ పరాయిదేం కాదు. వాళ్ల వెండి సామాను మీద దేవుళ్ల బొమ్మలు చెక్కి ఉండేవి. చెంచా కాడ చివర కూడా దేవుడి బొమ్మ. దాన్ని స్వామి వెండి అనేవాళ్లు. ఎడిన్‌బరోలో లాంటి ముద్ర ఆఫీసు ఇక్కడ లేదు కాబట్టి ఈ కంపెనీలు కూడా తమ ముద్ర తామే కొట్టుకున్నాయి. హామిల్టన్ వాళ్ల ముద్రల్లో ఒకటి ఏనుగు.

కానీ ఒక తేడా గమనించండి. ఇన్వర్‌నెస్ చెంచా మీద ఉన్నది పనివాడి పేరు. ఓర్ చెంచా మీద ఉన్నది దుకాణం పేరు. సుత్తి పట్టుకుని ఆ దేవుడి బొమ్మ తీర్చిన మన మనిషి పేరు దాని మీద కూడా లేదు.

ఇక హైదరాబాద్. ఇక్కడ వెండి అంటే ముందు నిజాం రూపాయి. చార్మినార్ బొమ్మ ఉన్న ఆ వెండి రూపాయి బరువు 11 గ్రాముల చిల్లర, అందులో వెండి 81.8 శాతం. మా నానమ్మ చెంచా కూడా సుమారు అంతే బరువు. రూపాయి మీద మాత్రం పాలకుడి ముద్ర, సంవత్సరం అన్నీ ఉన్నాయి. చెంచా మీద ఏమీ లేదు.

2018 సెప్టెంబర్‌లో ఏం జరిగిందో గుర్తుందా? పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో దొంగలు వెంటిలేటర్ నుంచి తాడు కట్టుకుని దిగారు. బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసర్, వాటితోపాటు ఒక చెంచా ఎత్తుకెళ్లారు. దేశమంతా న్యూస్. పది రోజులు తిరక్కముందే పోలీసులు పట్టుకుని వెనక్కి తెచ్చారు. నిజాం చెంచా పోతే పోలీసులు వెతికారు. ఎందుకంటే అది ఎవరిదో, ఎలా ఉంటుందో రికార్డుంది. మా ఇంటి ఉగ్గుగిన్నె పోతే ఎవరు వెతుకుతారు? పైగా దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. మేమే తీసుకెళ్లి ఇచ్చాం.

ఇందులో అమ్మ తప్పుగానీ, షాపాయన తప్పుగానీ లేదు. వెండి మనకి కష్టకాలపు డబ్బు. ధర పెరిగినప్పుడల్లా పాతది కరుగుతుంది. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడ కూడా పాత వెండి సామాను కుప్పలు కుప్పలుగా కరిగించేశారు. మన దగ్గర కిలో లక్ష దాటాక ఎన్ని ఇళ్లలో ఉగ్గుగిన్నెలు బయటికి తీసి ఉంటారో ఆలోచించండి. అవసరమైతే అమ్ముకోవాల్సిందే. కాకపోతే అమ్మే ముందు ఒక పది నిమిషాలు ఆగుదాం.

ఫోన్ మీ చేతిలోనే ఉంది. వస్తువుని ముందు, వెనక, పక్కనుంచి ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి, బరువు రాసుకోండి. ముద్ర గానీ చుక్కల అక్షరాలు గానీ ఉంటే దగ్గరగా తీయండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి అడగండి. ఏ ఊళ్లో చేయించారు? ఎవరి పెళ్లికి? అవుసులాయన పేరేంటి? వాయిస్ రికార్డ్ చేయండి. స్కాట్లాండ్ వాళ్లు సంఘం పుస్తకాల్లో వెతుక్కున్నది మనకి పెద్దవాళ్ల నోటిలో ఉంది. కాకపోతే ఆ పుస్తకం ఎక్కువ రోజులు ఉండదు.

ఇంకో టిప్. గురువారం జుమ్మేరాత్ బజార్‌కి వెళ్తే పాత చెంచాలు గుట్టలుగా దొరుకుతాయి. వెనకాల ఈపీఎన్ఎస్ అని ఇంగ్లీషు అక్షరాలుంటే అది వెండి కాదు, పైన వెండి పూత మాత్రమే. వెండి రేటు పెట్టి మోసపోకండి. కొత్త వెండి కొంటే హాల్‌మార్క్ అడగండి. మన దగ్గర వెండికి హాల్‌మార్క్ 2005లో వచ్చింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి హాల్‌మార్క్ వేసిన వెండికి ఆరు అక్షరాల కోడ్ కూడా ఇస్తున్నారు. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ దుకాణందో, నాణ్యత ఎంతో తెలుస్తుంది. చేసినవాళ్ల పేరు మాత్రం అందులో కూడా రాదు. అది మనమే అడిగి రాసుకోవాలి.

నేనూ అడిగా. మా పెద్దమేనత్తకి ఫోన్ చేస్తే, "మా అమ్మ పుట్టింటివాళ్లు పెట్టారురా, ఆ అవుసులాయన మా ఇంటి అరుగు మీదే కూర్చుని చేసిండని అమ్మ చెప్పేది" అంది. పేరు అడిగితే చాలాసేపు ఆలోచించి, "గుర్తొస్తలేదు బిడ్డా, నువ్వు పదేళ్ల ముందు అడగాల్సింది" అంది. ఆమె మాటల్ని రికార్డ్ చేసి, చెంచా ఫొటోతో పాటు దాచిపెట్టా. పేరు దగ్గర ఖాళీ అలాగే ఉంది.

మీ ఇంట్లో ఆ ఖాళీ రాకముందే అడగండి. దొరికిన పేర్లు, ఊళ్లు కామెంట్స్‌లో రాయండి, నేను అన్నీ చదువుతా. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా ఉంటా మరి.