సముద్రం దాటిన అప్పన్న నామం

విశాఖ తీరాన జాలరిపేట వాసులకు సముద్రం జీవనాధారం, సింహాచలనాథుడు ఇలవేల్పు. అర్చనాసంకల్పంలో ఆ స్వామి శ్రీవరాహలక్ష్మీనృసింహుడు. జనుల నోట అప్పన్న. అట్లే గ్రామదేవతను శిష్టులు అమ్మవారు అందురు, తీరవాసులు అమ్మోరు అందురు. ఈ రెండు పదాలు సముద్రం దాటి పరదేశంలో నిలిచిన వృత్తాంతం మననీయమైనది.

బ్రిటిష్ సామ్రాజ్యంలో దాస్యప్రథ రద్దయిన పిమ్మట, 1834 నుండి మారిషస్ చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా భారతీయులు తరలింపబడినారు. వారిలో విశాఖ, గంజాం, గోదావరీ మండలాల తెలుగువారు కలరు. గోదావరీ ముఖద్వారంలోని కోరంగి రేవు పేరిట అక్కడ వారిని కోరంగులనిరి. ఆ రేవు 1839 నాటి తుపానులో విధ్వస్తమైనది. పేరు మాత్రం ఆ జనులను వీడలేదు. తాళపత్రాలుగాని, గురుకులాలుగాని వారి వెంట పోలేదు. పోయినవి రామభజన, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ. ఇవి నేటికీ మారిషస్ తెలుగువారి పర్వాలే.

తరాలు గడిచేసరికి క్రియోల్ గృహభాష అయినది. భజన నిలిచింది, అర్థం జారిపోయింది. అర్థజ్ఞానం లేని వేదాధ్యాయిని భారం మోసే స్తంభంతో యాస్కుడు నిరుక్తంలో పోల్చినాడు. ఆ మాట సత్యమే. కాని స్తంభమే లేకున్న మండపం ఎట్లు నిలుచును? అర్థం తెలియకయే పాడిన ఆ పితామహులను నిందించుట అన్యాయం. మనుమలు మరల అక్షరాలు దిద్దుటకు వారి గానమే ఆధారమైనది.

నేడు అక్కడి పాఠశాలలలో తెలుగు బోధింపబడుచున్నది. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలోనూ తెలుగు అధ్యయనం సాగుచున్నది. 1990లో తృతీయ ప్రపంచ తెలుగు మహాసభలకు ఆ ద్వీపమే వేదిక. అయితే చిక్కు ఇక్కడే. అవ్వ నోట విన్న 'అమ్మోరు'ను బాలుడు పలకపై వ్రాసిన, గురువు దానిని కొట్టివేసి 'అమ్మవారు' అని దిద్దవచ్చును. వ్యాకరణదృష్టితో అది దోషనివారణ. బాలునికి మాత్రం అవ్వ తప్పు పలికినదని తోచును.

ఈ విషయంలో గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) మార్గం స్మరణీయం. శ్రీముఖలింగ క్షేత్రసమీపాన జన్మించి, బాల్యంలో విజయనగరంలో చదివి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన ఆయన, సవరల భాషను ముందు తాను నేర్చి, పిదప వారి పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించినారు. 1931లో సవర వ్యాకరణం ప్రకటించినారు. శిష్యుని ఇంటి మాటను గురువు ముందు అభ్యసించుట ఆయన క్రమం. తెలుగున వ్యావహారికం కొరకు ఆయన చేసిన వాదానికీ మూలం ఇదే.

మారిషస్ బాలునికి తొలిపాఠం కూర్చువారు దూరం వెదుకనక్కరలేదు. అప్పన్న, అమ్మోరు: రెండును అకారంతోనే ఆరంభమగుచున్నవి. ఆ బాలుడు ఏనాడైన జాలరిపేట ఒడ్డుకు వచ్చి ఆ రెండు మాటలు పలికినచో, వలలు బాగుచేసికొనుచున్న వృద్ధుడు మరల అడుగకయే గ్రహించును.