ఎవరి నెత్తురైనా ఒకటే: ఆసుపత్రి జాగ్రత్తల వెనకటి చరిత్ర

నెత్తురు తీసే ముందు నర్సు చేతులకు తొడుగులు వేసుకోవడం, వాడిన సూదిని గోడకు బిగించిన గట్టి డబ్బాలో పడేయడం ఇవాళ అమెరికా ఆసుపత్రుల్లో మనం గమనించను కూడా గమనించని విషయాలు. నలభై ఏళ్ళ క్రితం ఇవి అందరి విషయంలోనూ పాటించిన నియమాలు కావు. ఈ అలవాటు స్థిరపడడానికి వైద్యలోకం రెండు పాత ప్రశ్నలను వదులుకోవలసి వచ్చింది. మొదటిది: ఈ రోగి ప్రమాదకరమైనవాడా? రెండవది: ఈ ఉద్యోగి అజాగ్రత్తపరుడా?

నెత్తురు ద్వారా ఆసుపత్రి ఉద్యోగులకు జబ్బులు సోకుతాయన్న సంగతి ఎయిడ్స్‌తో బయటపడింది కాదు. ఒక బ్లడ్ బ్యాంకు ఉద్యోగికి హెపటైటిస్ సోకిన ఉదంతం 1949లోనే వైద్య పత్రికకెక్కింది. అయినా దశాబ్దాల పాటు ఆ జబ్బును వృత్తిలో భాగంగానే సరిపెట్టుకున్నారు. 1983లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇచ్చిన సూచనలు కూడా, జబ్బు ఉన్నట్టు తెలిసిన లేదా అనుమానమున్న రోగుల విషయంలోనే ప్రత్యేక జాగ్రత్తలు కోరాయి. అంటే ముందు రోగిని గుర్తించాలి, ఆ తరువాతే జాగ్రత్త.

ఈ పద్ధతిలోని లోపాన్ని హెచ్ఐవీ బయటపెట్టింది. అది సోకినవారు ఏళ్ళ తరబడి ఆరోగ్యంగానే కనిపిస్తారు. సోకిన తొలి వారాల్లో పరీక్షకు కూడా చిక్కకపోవచ్చు. సూది గుచ్చుకుని ఒక ఆరోగ్య ఉద్యోగికి ఈ వైరస్ సోకిన ఉదంతం 1984లో ఇంగ్లండు నుంచి వెలువడింది. 1987 ఆగస్టులో సీడీసీ తన దృక్పథాన్ని మార్చుకుంది: రోగి ఎవరైనా సరే, అతని నెత్తురును సాంక్రమికమైనదిగానే భావించాలి. ‘సార్వత్రిక జాగ్రత్తలు’ అన్న పేరుకు అర్థం ఇదే. ఉద్యోగి రక్షణకు రోగి మీద ముద్ర వేయనవసరం లేదన్నది ఈ సూత్రంలోని నైతిక పార్శ్వం.

నిజానికి సూదిపోటు లెక్కల్లో హెచ్ఐవీ అన్నిటికన్నా చిన్నది. కలుషితమైన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం సుమారు 0.3 శాతం. హెపటైటిస్ సీకి సుమారు 1.8 శాతమని అప్పటి అంచనా. టీకా వేసుకోనివారికి హెపటైటిస్ బీ సోకే అవకాశమైతే 6 నుంచి 30 శాతం. దానికి టీకా 1981లోనే వచ్చింది. ఆ టీకాను ఉద్యోగులకు ఉచితంగా ఇవ్వాలని, తొడుగులు, సూదుల డబ్బాలు సమకూర్చాలని 1991 డిసెంబరులో కార్మిక భద్రతా సంస్థ ఓషా యాజమాన్యాలను చట్టబద్ధంగా ఆదేశించింది. 1983-1995 మధ్య అమెరికా ఆరోగ్య ఉద్యోగుల్లో హెపటైటిస్ బీ కొత్తగా సోకడం దాదాపు 95 శాతం తగ్గింది.

అయితే తొడుగు సూదిని ఆపలేదు. వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 326 సూదిపోట్లను జనీన్ జాగర్ బృందం పరిశీలించి 1988లో ఫలితాలు ప్రకటించింది. దాదాపు మూడోవంతు గాయాలు వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టడంతో ముడిపడినవే. మూత పెట్టవద్దని చెబుతున్నా ఎందుకు పెడుతున్నారు? విప్పదీయవలసిన పరికరాన్ని మూతలేని సూదితో పట్టుకోవడం, డబ్బా దాకా అలాగే మోసుకెళ్ళడం అంతకన్నా ప్రమాదమనిపించడం వల్ల. తప్పు చేతిలో కన్నా పరికరం రూపకల్పనలోనే ఎక్కువగా ఉందన్నమాట. 2000 నవంబరులో వచ్చిన సూదిపోట్ల నివారణ చట్టం ఈ వాదాన్నే అంగీకరించింది. సురక్షితమైన పరికరాలను వాడాలని, వాటి ఎంపికలో వాటిని స్వయంగా వాడే సిబ్బంది అభిప్రాయం తీసుకోవాలని నిర్దేశించింది.

ఈ కథలో తెలుగునేలకూ ఒక చోటుంది. దిగుమతి టీకాల ధర భారతదేశంలో సామాన్యులకు అందని కాలంలో, హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ‘శాన్‌వాక్-బీ’ని తక్కువ ధరకు విడుదల చేసింది. ఇరవై ఏళ్ళ తరువాత, 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం సార్వత్రిక జాగ్రత్తలకు కావలసిన సామగ్రినీ శిక్షణనూ ఉద్యోగులకు సమకూర్చడం భారతీయ ఆరోగ్య సంస్థల బాధ్యతగా చేసింది.

ఈ చట్టాలన్నీ భారాన్ని యాజమాన్యం మీద పెట్టాయి. కనుక ఒక ఆసుపత్రిలో జాగ్రత్తలు ఎలా ఉన్నాయో తెలుసుకోవాలంటే నర్సు చేతులను మాత్రమే చూస్తే చాలదు. ఆ చేతికి ఏ సూది ఇచ్చారో, డబ్బా ఎంత దూరంలో పెట్టారో కూడా చూడాలి.