మందు అదే, స్ఫటికం మారింది!

1996లో అమెరికాలో హెచ్‌ఐవీ రోగులకు కొత్త మందు వచ్చింది. పేరు రిటోనావిర్. తయారీ అబాట్ కంపెనీది. వైరస్ పెరగాలంటే ప్రోటియేజ్ అనే ఎంజైము కావాలి. ఈ మందు దాన్నే అడ్డుకుంటుంది. పొడిగా ఇస్తే ఒంటపట్టదు కాబట్టి, ఆల్కహాలు, నీళ్ల ద్రావణంలో కరిగించి క్యాప్సూళ్లలో నింపేవారు. అప్పటికి దాని స్ఫటిక రూపం ఒక్కటే తెలుసు. ఎలాగూ కరిగించి ఇచ్చేదే కదా అని రూపం మీద ప్రత్యేకంగా నిఘా పెట్టలేదు. దాదాపు 240 బ్యాచ్‌లు ఏ ఇబ్బందీ లేకుండా తయారయ్యాయి.

1998 వేసవిలో కథ అడ్డం తిరిగింది. కొన్ని క్యాప్సూళ్లు కరుగుదల పరీక్షలో తప్పాయి. లోపల కొంత మందు ద్రావణంలోంచి విడిపోయి గడ్డకట్టింది. కల్తీ ఏమైనా జరిగిందా అంటే, లేదు. అది అచ్చంగా రిటోనావిరే. గుట్టు విప్పింది మైక్రోస్కోపూ, ఎక్స్‌రే పౌడర్ డిఫ్రాక్షనూ. ఎక్స్‌రేలు పడినప్పుడు ఒక్కో స్ఫటిక రూపం ఒక్కో వరుసలో గీతలు చూపిస్తుంది. ఈ పొడి చూపిన వరుస పాత రూపానిది కాదు.

కొత్తదానికి ఫారం-2 అని పేరుపెట్టి నిర్మాణం తేల్చారు. అణువులో కార్బమేట్ అనే భాగం దగ్గర మెలిక మారింది. దాంతో అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి మరింత గట్టిగా పట్టుకున్నాయి. పట్టు బిగిసింది, కరిగే గుణం బాగా పడిపోయింది. మందు విరిగినప్పుడు పుట్టే ఓ పదార్థమే ఈ రూపానికి తొలి బీజం వేసి ఉంటుందని శాస్త్రవేత్తల అనుమానం.

గోరువెచ్చని పాలలో తోడుచుక్క పడినట్టే, కంటికి కనిపించని ఫారం-2 రేణువు ఒక్కటి చాలు, మిగతాదంతా అదే దారి పట్టడానికి. కొద్ది వారాల్లోనే అమెరికా ప్లాంటంతా పాకింది. సాయానికని శాస్త్రవేత్తల బృందం ఇటలీ ప్లాంటుకు వెళ్లివచ్చాక అక్కడా కనిపించింది. క్యాప్సూళ్లు మార్కెట్లో ఆగిపోయాయి. రోగులు నోట పెట్టుకోలేని చేదు ద్రవమందుతో నెట్టుకొచ్చారు. 1999లో ఫ్రిజ్‌లో పెట్టాల్సిన కొత్త సాఫ్ట్‌జెల్ క్యాప్సూల్ వచ్చింది. ఆ ఫ్రిజ్ బెడద లేని మాత్రకు 2010 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ మాత్రే తర్వాత కోవిడ్ మందు పాక్స్‌లోవిడ్‌లో భాగమైంది. పాక్స్‌లోవిడ్ జనరిక్‌ను మన హైదరాబాద్ కంపెనీ హెటిరో కూడా తయారు చేసింది.

ఇప్పుడు కొత్త మందు ఏదైనా మార్కెట్‌కు రాకముందే ద్రావణాలు, ఉష్ణోగ్రతలు మార్చి మార్చి స్ఫటిక రూపాల కోసం గాలిస్తున్నారు. అయినా ధీమా పనికిరాదు. ప్రపంచమంతా జల్లెడ పట్టిన ఈ రిటోనావిర్‌లోనే, ఫారం-2 దొరికిన 24 ఏళ్లకు ఫారం-3 బయటపడింది.