నంద్యాల ప్రాంతంలో నిరుపేదల జీవనోపాధి కార్యక్రమాలు

ఎర్రమల, నల్లమల కొండల నడుమ కుందూ లోయలో ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో పేదలకు సర్కారు చూపిన తొలి ఉపాధి కరువు పని. 1876–78 నాటి మహా కరువులో, అప్పట్లో ఈ ప్రాంతం ఉన్న కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తరిగిపోయింది. మద్రాసు ప్రభుత్వం కరువు పనులు పెట్టింది కాని, 1877లో భారత ప్రభుత్వ కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ సూచనపై ఆ కూలిని తగ్గించింది. ప్రైవేటు కంపెనీ తవ్విన కర్నూలు–కడప కాలువను ప్రభుత్వం 1882లో కొన్నది. దానివల్ల లోయలో వరి పెరిగినా, భూమి లేనివారికి దక్కింది నాట్లు, కోతల కూలే. ఆ తర్వాతి డెబ్బై ఏళ్లలోనూ పేదలకు కరువు వచ్చినప్పుడే సాయం అందేది.

1952లో సమాజ వికాస పథకం, 1970లలో కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం, 1980 నుంచి అన్ని బ్లాకుల్లో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం వచ్చాయి. చివరిదాని కింద సబ్సిడీపై బర్రెలు, గొర్రెలు ఇచ్చారు. లబ్ధిదారుల ఎంపిక మాత్రం అధికారులదీ ఊరి పెద్దలదీ.

ఈ పద్ధతి 1990లలో మారింది. 1993 ఢాకా సార్క్ సదస్సు తర్వాత ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకాన్ని చేపట్టింది. పాకిస్తాన్‌లోని గిల్గిత్ ప్రాంతంలో గ్రామ సంఘాలు కట్టించిన షోయబ్ సుల్తాన్ ఖాన్ దీనికి సారథి. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారి కె. రాజు సమన్వయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని 20 మండలాల్లో ఇది నడిచింది. కర్నూలు–నంద్యాల రహదారి మీది ఓర్వకల్లు దీనివల్లే పేరు తెచ్చుకుంది. అక్కడి మహిళలు పొదుపు సంఘాలను గ్రామైక్య సంఘాలుగా, వాటిని మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘంగా కూర్చారు. అప్పు ఎవరికి ముందు, వాయిదా తప్పితే ఏం చేయాలి అన్నవి వారే తేల్చేవారు. తర్వాతి పొదుపు సంఘాల పథకాలకు ఇది నమూనా అయింది. అనుభవం గడించిన సంఘ సభ్యులు రిసోర్స్ పర్సన్లుగా ఇతర రాష్ట్రాలకు వెళ్లి సంఘాలు కట్టడం నేర్పారు.

2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఆ అనుభవం మీదే నిలిచింది. ప్రపంచ బ్యాంకు రుణంతో మొదలైన ‘వెలుగు’ తొలి విడతలో కర్నూలు లేదు. 2003లో రెండో విడతలో చేరింది. ఊరంతా కూర్చుని నిరుపేదలు, పేదలు, మధ్యతరగతి, ధనికులు ఎవరో తేల్చడం దీని ప్రత్యేకత. గ్రామైక్య సంఘం టోకున బియ్యం కొని సభ్యులకు అప్పుగా ఇచ్చేది. ఆకలి కాలంలో వడ్డీ వ్యాపారి గడప తొక్కే పని కొంత తప్పింది. 2005లో పథకం పేరు ఇందిర క్రాంతి పథం అయింది. 2007లో ఉపాధి హామీ పథకం కర్నూలు జిల్లాకు వచ్చింది. 2010 అక్టోబరులో, పేద మహిళలకు అప్పులిచ్చే ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల ఒత్తిడి వసూళ్లకు ప్రభుత్వం ఆర్డినెన్సుతో కళ్లెం వేసింది.

నల్లమల చెంచులకు శ్రీశైలం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ వేరుగా పనిచేస్తోంది. వారు సేకరించే తేనె, తపసి బంకను గిరిజన సహకార సంస్థ కొంటుంది. పొదుపు సంఘాల లెక్క నెలవారీ రాబడి ఉన్నవారికి కుదిరినంతగా అడవి ఫలసాయంపై బతికే గూడేలకు కుదరలేదు.

2020లో మహిళలకు నగదు సాయమందించే చేయూత, ఆసరా పథకాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి నంద్యాల జిల్లా ఏర్పడింది. 2025 మార్చి 30న, ఉగాది నాడు, రాష్ట్ర ప్రభుత్వం పి4 (ప్రభుత్వ, ప్రైవేటు, ప్రజల భాగస్వామ్యం) కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇందులో నిరుపేద ‘బంగారు కుటుంబాల’ను ‘మార్గదర్శులు’గా పిలిచే సంపన్నులు దత్తత తీసుకుంటారు.