పూచీయు పెత్తనమును

వడ్డీవ్యాపారి వాకిట నిలువక రైతు అప్పు పొందు మార్గమేదేని కలదేమో చూచి రమ్మని, 1892లో మద్రాసు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను సివిలు ఉద్యోగిని ఐరోపాకు పంపెను. జర్మనీలో రైను నదీప్రాంతమున రైఫైజన్ అను గ్రామాధికారి నెలకొల్పిన పరపతి సంఘములను, ఒకని బాకీకి అందరును పూచీపడు వాటి నియమమును పరిశీలించి, 1895లోను 1897లోను రెండు సంపుటములుగా నివేదిక సమర్పించిన నికల్సన్, ఆ రైఫైజన్ వంటి మనుష్యుని వెదకుడని హితవు చెప్పెను.

ప్రభుత్వమునకు దొరికినవాడు రిజిస్ట్రారు. సంఘములను నమోదు చేయుట, లెక్కలు తనిఖీ చేయించుట, రద్దుపరచుట అను అధికారములను 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టము అతని చేతికిచ్చెను. అయినను గ్రామసంఘములలో అపరిమితమైన పూచీ సభ్యులదే యగుటచే, తమ సొమ్మునకు తామే కావలియుండు అలవాటు వారికి కొంత మిగిలెను. 1912 చట్టము పరపతియేతర సంఘములకును ద్వారము తెరచెను. 1919 సంస్కరణలు సహకారమును రాష్ట్రముల పాలు చేసెను. 1932లో మద్రాసు తన సొంత చట్టము చేసికొనెను.

అసలు మలుపు 1954లో వచ్చెను. రైతుల అప్పులో సహకార సంఘములు ఇచ్చినది నూటికి 3.1 వంతు మాత్రమేనని తేల్చిన, గ్రామీణ పరపతిని విచారించిన గోర్వాలా కమిటీ, ప్రభుత్వమే వాటాదారు కావలెనని సిఫారసు చేసెను. ఆ సదుద్దేశమును శంకింపరాదు. కాని వాటాధనము పెట్టినవాడు పెత్తనము కోరకుండునా? నియమావళిని సవరింపను, పాలకవర్గమును తొలగించి ‘పర్సన్ ఇన్‌చార్జి’ని కూర్చుండబెట్టను 1964 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము రిజిస్ట్రారునకు వీలు కల్పించెను. పూచీ సర్కారుదైన పిదప సభ్యుడు తన సంఘమున అతిథియయ్యెను.

నికల్సన్ వెదకుమన్న మనుష్యులు మన పల్లెలలో లేకపోలేదు. నాటి కరీంనగరు జిల్లా ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి స్థాపించిన సంఘము, పంట అప్పునకు పంట అమ్మకమును జోడించి, సభ్యుల విశ్వాసమే మూలధనముగా నిలదొక్కుకొనెను. ఇట్టి సంఘములకు తగిన శాసనము మాత్రము 1995 వరకు రాలేదు.

ఆ యేడు ఆంధ్రప్రదేశ్ చేసిన పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము, జనులు ‘మ్యాక్స్’ అని పిలుచునది, దేశమున ఆ తరహా చట్టములలో మొదటిది. ప్రభుత్వ వాటాధనము పుచ్చుకొనని సంఘము తన నియమావళిని, తన ఎన్నికలను, తన ఆడిటరును తానే నిర్ణయించుకొనవచ్చునని అది యంగీకరించెను. పాల ఉత్పత్తిదారులవి సహా పాత సంఘములు పలు ఈ చట్టపు నీడకు చేరినవి. 2006లో ప్రభుత్వము చట్టమును సవరించి పాడి సంఘములను తిరిగి 1964 చట్టము క్రిందికి లాగజూడగా, హైకోర్టు ఆ సవరణను కొట్టివేసెను; 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపరచెను.

కావున ప్రభుత్వము చేయదగిన మేలు రెండే: మోసగానిని శిక్షించుట, నిజాయితీపరుని త్రోవకు అడ్డురాకుండుట. ఎవరు పూచీపడుదురో వారిదే పెత్తనము కావలెను.