పరుగెత్తే గుండెకు లెక్క దొరికిన కథ

సెప్టెంబరు 29 వచ్చిందంటే చాలు, ప్రపంచ హృదయ దినమని ఆసుపత్రులు ఉచిత శిబిరాలు పెడతాయి. పట్టణాల్లో ఐదు కిలోమీటర్ల పరుగులు జరుగుతాయి. ఈ సందడి ఏటా ఉండేదే. అయితే ఇప్పుడు కుప్పం దగ్గరి రామకుప్పం లాంటి మండల కేంద్రంలోనూ తెల్లవారుజామున పరుగెత్తేవాళ్లు కనిపిస్తున్నారు. కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్లను 8 నిమిషాల్లో ముగించాలని కొందరు, అగ్నివీర్ ఎంపికలో అదే దూరాన్ని ఇంకా త్వరగా పరుగెత్తాలని కొందరు, షుగరు వచ్చిందని డాక్టరు చెప్పాక మూలన పడిన సైకిలు బయటికి తీసినవాళ్లు ఇంకొందరు. అందరూ అడిగేది ఒకటే: "పరుగెత్తేటప్పుడు గుండె లెక్క కరెక్టుగా చూపించేది ఏదినా?"

జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఛాతీకి కట్టుకునే పట్టీ. అది ఎందుకు నిజమో తెలియాలంటే మాత్రం చాలా వెనక్కి వెళ్లాలి. మనిషి నాడి చూడటం రెండు వేల ఏళ్లు దాటిన విద్య. అందులో దాదాపు అంతా కూర్చున్న మనిషిదీ, పడుకున్న మనిషిదీ. కదులుతున్న మనిషి గుండెను పట్టుకోవడం మన తాతల కాలంలో మొదలైన పని.

చెయ్యి చూసిన కాలం

మన వైద్యులు నాడిలో వెతికింది అంకెను కాదు, నడకను. వాతం ఎక్కువైతే నాడి పాములా, జలగలా పోతుందనీ, పిత్తం ఎక్కువైతే కాకిలా, కప్పలా గెంతుతుందనీ, కఫమైతే హంసలా, పావురంలా నింపాదిగా సాగుతుందనీ శార్‌ఙ్గధర సంహిత చెప్పింది. తెలుగునాట తరతరాల వైద్యులు నమ్ముకున్న బసవరాజీయమూ నాడీ పరీక్షకు పెద్దపీట వేసింది. మగవాళ్లకు కుడిచెయ్యి, ఆడవాళ్లకు ఎడమచెయ్యి, మణికట్టు మీద మూడు వేళ్లు. పల్లెల్లో వైద్యుడి దగ్గరికి పోవడాన్ని 'చెయ్యి చూపించుకోవడం' అనేవారు.

ఆ నాడీశాస్త్రంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే నియమం ఒకటుంది. అప్పుడే స్నానం చేసినవాడికి, అప్పుడే భోంచేసినవాడికి, ఆకలిదప్పులతో ఉన్నవాడికి, ఎండన పడి వచ్చినవాడికి, వ్యాయామంతో అలసినవాడికి నాడి సరిగా తెలియదన్నారు. తమ విద్యకు హద్దు ఎక్కడుందో ఆ పెద్దలు తామే గీత గీసి చూపించారు. నేటి పరుగువీరుడు అడుగుతున్న ప్రశ్న సరిగ్గా ఆ గీతకు అవతల ఉంది.

పడమట కూడా ఇంతే. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా వైద్యుడు హీరోఫిలస్ నీటి గడియారంతో నాడి వేగం కొలిచాడంటారు. ఆ తర్వాత వందల ఏళ్లు పెద్దగా మార్పు లేదు. 17వ శతాబ్ది మొదట్లో ఇటలీలో శాంటోరియో లోలకం దారం పొడవును మారుస్తూ, దాని ఊపును నాడికి సరిపెట్టి కొలిచాడు. 1707లో ఇంగ్లాండు వైద్యుడు జాన్ ఫ్లోయర్ సరిగ్గా ఒక నిమిషం నడిచే గడియారం చేయించి, నాడికి 'నిమిషానికి ఇన్ని' అనే లెక్కను అలవాటు చేశాడు.

20వ శతాబ్ది మొదట్లో నెదర్లాండ్స్‌లో విలెమ్ ఐంథోవెన్ గుండె పుట్టించే కరెంటునే గీతగా గీయించాడు. మనం ఈసీజీ అంటున్నది అదే. దానికి 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన యంత్రం బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు కావాలి. రోగి చేతులూ కాలూ ఉప్పునీటి తొట్లలో పెట్టి కదలకుండా కూర్చోవాలి. గుండె గీత అయితే దొరికింది గానీ మనిషి మాత్రం కుర్చీ దిగలేదు.

ఆ కాలంలోనే మన పక్కన మదనపల్లెలో ఇంకో ప్రయత్నం సాగింది. 1912లో ఏర్పాటైన యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం వల్ల ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు నిలిచింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నడిపించాడు. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. ఆనాటి శానిటోరియాల్లో జ్వరాన్నీ నాడినీ రోజూ పట్టికలో రాసేవారు. అవి నిలకడగా ఉంటేనే రోగిని మంచం దిగనిచ్చేవారు. ఆ తర్వాత రోజుకు కొంచెం చొప్పున నడక పెంచేవారు. ఒంటి కొలతలు చూసి శ్రమను మోతాదుగా ఇవ్వడమన్న ఆలోచన అలా మన సీమకూ చేరింది. అయినా అక్కడ కూడా నాడి చూసేది నడిచి వచ్చాకే, నడుస్తుండగా కాదు.

వీపున బరువు, కాళ్ల కింద సైకిలు

పాత వైద్యులు గీసిన ఆ హద్దు గీతను దాటినవాడు వైద్యుడు కాడు. పేరు నార్మన్ జెఫెరిస్ హోల్టర్. 1914లో అమెరికాలోని మాంటానా రాష్ట్రం హెలెనాలో పుట్టాడు. చదివింది భౌతిక, రసాయన శాస్త్రాలు. ఇంటివాళ్లది ఇనుప సామాన్ల దుకాణం. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళం కోసం సముద్రపు అలల మీద పనిచేశాడు. 1946లో బికినీ దీవి దగ్గర అణుబాంబులు పేల్చి చూసినప్పుడు అలలను కొలిచిన బృందానికి నాయకుడు. అంత పెద్ద పనులు చేసినవాడు పెద్ద ఊళ్లకు పోకుండా సొంతూరికి తిరిగొచ్చి పరిశోధనశాల పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు అది ఊళ్లో వాడకం లేకుండా పడి ఉన్న రైల్వే స్టేషనులోకి మారింది. చిన్న ఊరిలో ఉండి పెద్ద ప్రశ్నను పట్టుకున్న మనిషి కాబట్టే నాకు హోల్టరంటే అంత ఇష్టం.

ఆయన ప్రశ్న ఇది. మనిషిని తీగలతో యంత్రానికి కట్టేసి, మంచం మీద పడుకోబెట్టి తీసిన కొలత ఆ మనిషి బతుకుకు కొలత ఎలా అవుతుంది? మెట్లెక్కేటప్పుడు, కోపం వచ్చినప్పుడు, పనిలో మునిగినప్పుడు ఒంట్లో ఏం జరుగుతోందో తెలియాలి కదా! రేడియోలో పాట గాలిలో వస్తున్నప్పుడు ఒంటి సంకేతాలు మాత్రం ఎందుకు రాకూడదు? జోసెఫ్ జెంగెరెల్లి అనే మనస్తత్వ శాస్త్రవేత్తతో కలిసి ఆయన మొదట మెదడు సంకేతాలను రేడియోలో పంపడానికి చూశాడు. అవి మరీ బలహీనం. గుండె పుట్టించే విద్యుత్తు వాటికి పదింతల బలమైనది. అలా గుండె వైపు మళ్లాడు.

1947 నాటికి పరికరం తయారైంది. అప్పటికి ట్రాన్సిస్టర్లు మార్కెట్లోకి రాలేదు. అన్నీ గాజు వాల్వులే, వాటిని వెలిగించడానికి పెద్ద బ్యాటరీలు. అంతా కలిపి 85 పౌండ్లు, అంటే 38 కిలోలు. సిమెంటు బస్తాలో ముప్పాతిక బరువు. దాన్ని మోయమని ఇంకెవరినీ అడగలేదు. తానే వీపుకు కట్టుకుని, నిలిపి ఉంచిన వ్యాయామ సైకిలెక్కి తొక్కాడు. ఛాతీ మీది బిళ్లలు గుండె విద్యుత్తును పట్టాయి, వీపు మీది రేడియో దాన్ని గాలిలోకి వదిలింది, దూరంగా ఉన్న యంత్రం గీత గీసింది.

శ్రమ చేస్తున్న మనిషి గుండె గీత ఏ తీగా లేకుండా కాగితం మీదికి వచ్చింది. వ్యాయామంతో అలసినవాడి నాడి తెలియదన్న పాత నియమం ఆ సైకిలు మీద సడలింది. ఈ రోజు హార్స్‌లీ హిల్స్ ఘాట్‌రోడ్డు మీద చెమటోడుస్తూ హ్యాండిల్‌బార్ మీది అంకె చూసుకునే ప్రతి సైక్లిస్టుకూ ఆదిపురుషుడు, 38 కిలోలు మోస్తూ తొక్కిన ఆ హెలెనా మనిషి.

హోల్టర్ అంతటితో ఆగలేదు. 1949లో జెంగెరెల్లితో కలిసి ఈ పద్ధతిని ప్రచురించాడు. ట్రాన్సిస్టర్లు వచ్చాక పెట్టెను చిన్నది చేస్తూ పోయాడు. రేడియో అయితే మనిషి దాని అందుబాటులోనే తిరగాలి. కాబట్టి రేడియోను పక్కనపెట్టి, ఒంటి మీదే ఉండే చిన్న టేపు రికార్డరుకు మారాడు. గంటల కొద్దీ సాగే టేపును ఎవరు కూర్చుని చూస్తారు? దానికీ దారి కనిపెట్టాడు. టేపును 60 రెట్ల వేగంతో తిప్పి, గీతల్ని తెరమీద ఒకదానిపై ఒకటి పడేలా చేసి, దాని శబ్దాన్ని కూడా వినిపించాడు. గంట రికార్డు నిమిషంలో అయిపోతుంది. లయ తప్పిన చోట కంటికీ కనబడుతుంది, చెవికీ వినబడుతుంది. 1961లో సైన్స్ పత్రికలో దీని గురించి రాశాడు. మరుసటి ఏడు పరికరం మార్కెట్లోకి వచ్చింది. ఆయన 1983లో పోయాడు. వెల్లూరులో, తిరుపతిలో, బెంగళూరులో డాక్టర్లు "ఒకరోజు హోల్టర్ పెట్టి చూద్దాం" అంటున్నారంటే అది ఈయన పేరే.

మంచు దేశపు పట్టీ

హోల్టర్ పరికరం రోగుల దగ్గరే నిలిచింది. మైదానంలోకి తెచ్చింది ఫిన్లాండ్. అక్కడి ఔలు విశ్వవిద్యాలయంలో సెప్పో సైనాయకంగస్ ఎలక్ట్రానిక్స్ ఆచార్యుడు. స్కీయింగ్ చేస్తుండగా కలిసిన ఒక శిక్షకుడు, ఆటగాళ్ల నాడి సరిగా చూడటం ఎంత కష్టమో ఆయనతో చెప్పాడు. మందపాటి దుస్తుల మీదుగా, మంచులో, ఆగితే తప్ప నాడి దొరకదు. ఆగితే గుండె వెంటనే నెమ్మదిస్తుంది. 1977లో ఆయన పోలార్ ఎలక్ట్రో సంస్థ పెట్టాడు. 1982లో ఛాతీ పట్టీ నుంచి మణికట్టు మీది వాచీకి తీగ లేకుండా లెక్క పంపే పరికరం వచ్చింది. పట్టీలో ఉన్నది ఐంథోవెన్ సూత్రమే, హోల్టర్ ఆలోచనే. 270 కిలోలు 38 అయి, 38 కిలోలు చొక్కా లోపల ఇమిడిపోయాయి.

మణికట్టు మీది పచ్చ వెలుగు

ఇక్కడిదాకా కథ ఒక దారిన వచ్చింది. ఆ తర్వాత దారులు చీలాయి. గత పదిపన్నెండేళ్లలో ఛాతీ పట్టీ కన్నా మణికట్టు వాచీలే ఊళ్లను ముంచెత్తాయి. వాటి అడుగున వెలిగే పచ్చ దీపాలు చర్మం లోపలికి వెలుగు పంపుతాయి. నెత్తురు పచ్చ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా నెత్తురు పొంగుతుంది కాబట్టి తిరిగొచ్చే వెలుగు తగ్గి పెరుగుతుంది. వాచీ ఆ తేడాలను లెక్కపెడుతుంది. ఈ పద్ధతికి 1930లలోనే ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ అనే శాస్త్రవేత్త పునాది వేశాడు.

కూర్చున్నవాడికి, నిద్రపోయేవాడికి ఇది బాగానే పనిచేస్తుంది. పరుగు మొదలైతే చెయ్యి ఊగుతుంది, వాచీ జరుగుతుంది, నెత్తురు కూడా అడుగుల తాళానికి కదులుతుంది. నిమిషానికి 160, 170 అడుగులు వేసేవాడికి వాచీ ఒక్కోసారి అడుగుల లెక్కనే గుండె లెక్కగా చూపిస్తుంది. సైకిలు మీద హ్యాండిల్ గట్టిగా పట్టుకుని మణికట్టు వంచితే, గతుకుల రోడ్డు అదురు చేతుల్లోకి వస్తే, వెలుగు లెక్క మళ్లీ తప్పుతుంది. పచ్చబొట్టు ఉన్నచోట సిరా వెలుగును అడ్డుకుంటుంది. చలి ఉదయాల్లో చర్మానికి నెత్తురు తగ్గితే సంకేతం పలచబడుతుంది. పాత వైద్యుల నియమం ఇప్పుడు గాజు వెనక తిరిగి కనిపిస్తోంది: శ్రమలో ఉన్నవాడి మణికట్టును నమ్మకూడదు.

ఛాతీ పట్టీ నేరుగా గుండె విద్యుత్తునే పట్టుకుంటుంది కాబట్టి దానికి ఈ బాధలు తక్కువ. అయితే దానికీ సంరక్షణ కావాలి. కట్టుకునే ముందు బిళ్లలు తడపాలి. లేకపోతే చెమట పట్టేదాకా మొదటి నిమిషాల్లో లెక్క పిచ్చిగా ఎగురుతుంది. చెమట ఉప్పు పేరుకోకుండా ఉతకాలి. ఏళ్లు వాడితే పట్టీ సాగిపోతుంది, దాన్ని మార్చాలి. బ్యాటరీ చాలావాటిలో నాణెం లాంటి సిఆర్2032. బ్లూటూత్‌తో పాటు యాంట్ ప్లస్ అనే వైర్‌లెస్ పద్ధతి కూడా ఉంటే ఫోనుకూ సైకిలు మీటరుకూ రెంటికీ లెక్క పోతుంది. పట్టీ ఒత్తిడి పడనివాళ్లు వెలుగుతో పనిచేసేదాన్నే మణికట్టుకు కాకుండా మోచేయి దగ్గర కండ మీద కట్టుకుంటే చాలావరకు నయం.

అంకె సరిగ్గా వచ్చినా దాన్ని చదవడం ఇంకో పని. 220 లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగమని అందరూ చెప్పుకునే సూత్రం 1971 నాటిది. 2001లో తనకా అనే పరిశోధకుడి బృందం 208 లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేయమంది. నలభై ఏళ్లవాడికి రెండూ 180 అనే చెబుతాయి. అరవై ఏళ్లవాడికి మొదటిది 160, రెండోది 166. రెండూ సగటు లెక్కలే. ఒక్కొక్క మనిషికి పది, ఇరవై అటూ ఇటూ ఉండటం మామూలు.

ఏ పట్టీ చూపలేనిదీ ఒకటుంది. 2023 జనవరి 27న కుప్పంలో ఒక పాదయాత్ర తొలిరోజున నటుడు నందమూరి తారకరత్న కుప్పకూలిపోయారు. కుప్పంలోనూ తర్వాత బెంగళూరులోనూ వైద్యం చేసినా ఫిబ్రవరి 18న కన్నుమూశారు. వయసు 39. మన ప్రాంతం ఆ రోజును మరిచిపోలేదు. పట్టీ గుండె ఎన్నిసార్లు కొట్టిందో చెబుతుంది. గుండెకు నెత్తురు తెచ్చే నాళం ఎంత పూడిందో చెప్పదు. ఛాతీ బిగిసినా, ఎడమచెయ్యి లాగినా, చెమట పట్టి ఊపిరాడకపోయినా అంకె చూస్తూ నిలబడకూడదు. వెంటనే ఆసుపత్రికి పోయి ఈసీజీ తీయించుకోవాలి.

కాబట్టి అడిగిన తమ్ముళ్లకు నా మాట ఇది. ఒక్కరికొక్క వాచీ కొనే డబ్బులతో పదిమంది కలిసి రెండు మంచి ఛాతీ పట్టీలు కొనుక్కోండి. మొదటి రోజు పరుగాపి, వేళ్లతో మెడ దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసి, పట్టీ చూపిన అంకెతో సరిపోల్చండి. తర్వాత ప్రతి పరుగూ ముగిసిన నిమిషానికి గుండె వేగం ఎంత దిగిందో నోటుపుస్తకంలో రాయండి. ఆ మొదటి నిమిషంలో 12 లేదా అంతకన్నా తక్కువ దిగినవాళ్లకు ముప్పు ఎక్కువని 1999లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అలా పదేపదే వస్తే డాక్టరుకు చూపించండి. ప్రతి మండల కేంద్రంలో హైస్కూలు మైదానానికి బంతులు, వాలీబాల్ నెట్టు ఇచ్చినట్టే రెండు పట్టీలు కూడా ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఉద్యోగం కోసం పరుగెత్తే పిల్లలకు గెలవడం నేర్పుతున్నాం. ఎప్పుడు ఆగాలో కూడా నేర్పే బాధ్యత మనదే.